గోంగూర పొట్లం

"ఇది గంజాయి కాకపోతే ఏమిటే?" క్లోజెట్‌లోంచి కుండీని బయటికి లాగి అరిచాడు శ్రీధర్.

"గోంగూర! ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా?" అంది కృతి. పదహారేళ్ల పిల్ల, అవమానంతో ముఖం కందిపోయింది.

శ్రీధర్ రెండో చేతిలో ఐప్యాడ్ ఉంది. కింది ఆకులు పసుపురంగుకి తిరుగుతున్నాయేమిటని కృతి ఏదో మొక్కల యాప్‌లో ఫొటో పెట్టింది. 'మీ గంజాయి మొక్కకి నైట్రోజన్ తక్కువైంది' అని జవాబొచ్చింది. ఇంటికంతా ఒకే ఐప్యాడ్ ఉండటం ఆ పిల్ల ఖర్మ.

"సోమవారం గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూ! మిషిగన్‌లో గంజాయి లీగలే అయినా ఆ ఇమిగ్రేషన్ ఆఫీసర్ ఓకే అంటాడా? పన్నెండేళ్లు వెయిట్ చేశానే!"

"యాప్ చెప్తే నమ్ముతావ్, నేను చెప్తే నమ్మవ్! అమ్మ బర్త్‌డేకి సర్‌ప్రైజ్ ఇద్దామని పెంచాను."

"మరి దాచావెందుకు?"

"సర్‌ప్రైజ్ అంటే దాచరా? సీడ్స్ పరంధామయ్య అంకుల్ ఇచ్చారు, గుళ్లో. గోంగూర అనే ఇచ్చారు."

శ్రీధర్‌కి ఒళ్లు మండిపోయింది. పరంధామయ్యంటే ట్రాయ్ ఊళ్లో తెలుగువాళ్లకి పెద్దదిక్కు. ఏటా అందరికీ కూర విత్తనాలు పంచుతాడు, డ్రగ్స్ జోలికి పోవద్దని పిల్లలకి గంటసేపు క్లాసు పీకుతాడు. అలాంటాయన మీదా నింద!

"ఆయన్నే పిలుస్తాను. ఆయన ముందు చెప్పు ఈ మాట."

"కాల్ చెయ్! గోంగూర అయితే నాకు సారీ చెప్పాలి నువ్వు."

ఫోన్లో సంగతి విని వచ్చిన పరంధామయ్య షూ విప్పుతూనే అందుకున్నాడు. "ఛీ ఛీ! ఏం పెంపకమయ్యా ఇది? సిగ్గులేదూ?"

"మీరే కదా అంకుల్ ఇచ్చారు!" కృతికి ఏడుపొచ్చేసింది.

"నేనిచ్చింది గోంగూర! తప్పు చేసి నా మీదికి తోస్తావా? ఏదీ, చూడనీ."

కుండీ ముందు గొంతుక్కూర్చుని కళ్లజోడు సవరించుకున్నాడు. పసుపెక్కిన ఆకుని తిప్పి చూశాడు. మట్టిలో వేలు గుచ్చాడు. కుండీని కాస్త ఎత్తి బరువు చూశాడు. ఆయన గొంతులో కోపం ఎటు పోయిందో పోయింది.

"నైట్రోజనూ లేదు, పాడూ లేదు. నీళ్లెక్కువ పోస్తున్నావు. మట్టి ఆరేదాకా ఆగాలి. రేపు పూతకొచ్చాక కింది ఆకులు ఎలాగూ పండుతాయి, అప్పుడు కంగారుపడకు. పోయినేడు నాదీ ఇలాగే..."

చటుక్కున ఆగిపోయాడు. ఆకు చివర తుంచి నాలిక మీద వేసుకున్నాడు. నమిలాడు. మళ్లీ నమిలాడు. పులుపన్నది లేదు.

"గోంగూరే కదా అంకుల్?" ఆశగా అడిగింది కృతి.

"అమ్మా... పొట్లానికి కట్టింది తెల్ల దారమా, ఎర్ర దారమా?"

"ఎర్రది."

పరంధామయ్య కార్పెట్ మీద కూలబడ్డాడు.

"ఎర్ర దారమేమిటండీ?" అడిగాడు శ్రీధర్.

"గోంగూరకి తెల్లది కట్టానయ్యా. ఎర్రది... నా మోకాళ్ల నొప్పులకని విడిగా దాచుకున్నవి."

కృతి కళ్లు తుడుచుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సో, ఇప్పుడు నాకు సారీ ఎవరు చెప్తారు?"

"నీ ఒక్కదానికేనా తల్లీ?" అన్నాడు పరంధామయ్య తల పట్టుకుని. "పొరపాటున ఆ ఎర్ర దారం పొట్లాలే ముప్పై ఇళ్లకి పంచాను!"