జానెడు గోడ

"కిటికీ పక్కన జానెడు గోడ కూడా లేదమ్మా. ఇటు బీరువా, అటు మూల," టేపు చుడుతూ అన్నాడు పరదాలు బిగించే మనిషి. "పక్కకి లాగినా గుడ్డంతా కిటికీ మీదే కుప్పపడుతుంది. ఉన్న ఒక్క గదీ చీకటైపోతుంది."

"అయితే అవనీ. ఈయనకి ఒళ్లు తుడుస్తుంటే ఎదురు మేడ మీంచి చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను బాబూ! ఇంక నావల్ల కాదు."

కిటికీ కింద మంచంలో ఆమె భర్త. పక్షవాతం వచ్చి ఆరు నెలలైంది. మాట పడిపోయింది, కుడిచెయ్యి ఒక్కటే కదులుతుంది.

పరదాల మనిషి గుడ్డని కిటికీకి అడ్డంగా పట్టి చూపించాడు. వెంటనే మంచం పట్టె మీద టకటకమని చప్పుడు. గుడ్డ దించగానే ఆగిపోయింది.

ఇన్నాళ్లకి ఆమె తలెత్తి కిటికీలోంచి చూసింది. ఎదురు మేడ మీద, చక్రాల కుర్చీలోంచి ఒక ముసలాయన చెయ్యి ఊపుతున్నాడు. మంచంలోని చెయ్యి కూడా ఊగుతోంది.

"పోనీ, కిటికీకి వద్దులే," అంది.

"పైకప్పుకి రాడ్డు బిగిస్తే ఎక్కడైనా వేలాడదీయొచ్చమ్మా. ఎక్కడ వెయ్యమంటారు?"

ఆమె గొంతు తగ్గించింది.

"మంచానికీ పొయ్యికీ మధ్య వెయ్యి. నేను ఏడిస్తే ఈయనకి కనబడకూడదు."