తట్టకో చెయ్యి

"తట్టకో సెయ్యియ్యి పిల్లా" అంది జగ్గమ్మ.

చేపలమ్ముకునే మనిషికి ఆ మాత్రం సాయం ఏ గుమ్మంలోనైనా దొరుకుతుంది. నెత్తిమీది తట్ట దించాలన్నా, మళ్లీ ఎత్తుకోవాలన్నా రెండో మనిషి చెయ్యి ఉండాలి.

ఈశ్వరి ఎడమ చెయ్యి ఒక్కటే అందించింది. కుడిచెయ్యి భుజం దాకా లేవలేదు.

"ఏటయింది?"

"నూతికాడ జారిపడ్డాను."

మోచేతి పైన వేళ్ల గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. జగ్గమ్మ వాటిని చూసింది. కవళ్ల చేపలు ఓ గుప్పెడు ఎక్కువే వేసి వెళ్లిపోయింది.

ఈశ్వరి మొగుడు అప్పలసూరి మిలటరీలో చేసి వచ్చినవాడు. చీపురుపల్లిలో ఓ బ్యాంకుకి గార్డు. సొంత తుపాకీ ఉంటేనే ఆ ఉద్యోగం. సరిహద్దు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అతనికి నిద్రలేదు. ఒక్కోసారి ఎదురుగా ఉన్నది పెళ్లామో శత్రువో తెలియనట్టు మీద పడేవాడు. తర్వాత తనే ఓ మూల కూర్చుని ఏడ్చేవాడు.

ఈ సంగతి ఇరుగుపొరుగుకీ తెలుసు. తెలియనట్టు ఉండడమే మర్యాద అనుకునే మనుషులు వాళ్లు.

రెండువేల పద్నాలుగు ఎన్నికలకి అందరి తుపాకులూ స్టేషనులో పెట్టించారు. ఎన్నికలు అయిపోయాయి. లైసెన్సు గడువు కూడా అప్పుడే తీరడంతో, అప్పలసూరి తుపాకీ తిరిగిచ్చే ముందు ఎస్సై విచారణకి వచ్చాడు.

అరుగు మీద జనం చేరారు. దేశానికి కాపలా కాసినవాడు బ్యాంకుకి కాయలేడా అన్నారు ఒకరు. మతి బాగోలేదని రాస్తే ఆ సంసారం నోట్లో మట్టి కొట్టినట్టే అన్నారు మరొకరు. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా అని ఎస్సై ఈశ్వరినే అడిగాడు.

"మా ఆయన బంగారంలాంటోడు బాబూ" అంది ఈశ్వరి, కుడిచేతిని కొంగు కింద దాచుకుని.

అప్పుడే తట్టతో వచ్చిన జగ్గమ్మ ఆ మాటకి నిలబడిపోయింది.

"ముందు ఆ గుంట సెయ్యి సూడండి బాబూ."

ఎస్సై ఈశ్వరి కొంగువైపు చూశాడు.

"అతగాడు సెడ్డోడని నానన్నేదు. జబ్బుగున్నాడు. తగ్గినదాకా ఆ తుపాకీ మీకాడే ఉంచండి."

ఊరు కాని ఊరుదానికి మా ఇళ్ల సంగతులెందుకని అంతా తిట్టిపోశారు. ఎస్సై మాత్రం, మనసుకి వైద్యం చేసే డాక్టరు ఇతను బాగున్నాడని రాసిస్తేనే తుపాకీ అని తేల్చి చెప్పి వెళ్లిపోయాడు.

ఉద్యోగం పోయింది.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఎవరూ జగ్గమ్మ తట్టకి చెయ్యి వెయ్యలేదు. చివరిసారి ఆమె ఈశ్వరి గుమ్మం ముందే ఎలాగో తట్ట దించుకుని ఆగింది. ఈశ్వరి తలుపు వేసేసి సందులోంచి చూసింది. ముసలిది మోకాళ్లమీద కూర్చుని, తట్ట అంచు గోడకి ఆనించి, ఒక్కతే నానా తంటాలు పడి నెత్తికెత్తుకుంది. ఈశ్వరికి తృప్తిగా అనిపించింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా, తృప్తిగానే అనిపించింది.

మరి జగ్గమ్మ రాలేదు.

శ్రావణంలో ఎదురింట్లో పెళ్లి. పట్టపగలు బాణసంచా పేలింది.

అన్నం తింటున్న అప్పలసూరి ఒక్క గెంతున లేచాడు. ఆ కళ్లలో అతను లేడు. గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చిన తన పిల్లలిద్దర్నీ చూస్తూనే, చెయ్యి వెనక్కి చాచి తుపాకీ తగిలించే కొక్కెం తడిమాడు.

కొక్కెం ఖాళీగా ఉంది.

తడిమాడు. మళ్లీ తడిమాడు. మెల్లగా కళ్లలోకి మనిషి వచ్చాడు. పిల్లల్ని చూసి, తన చేతిని చూసుకుని, అక్కడే కూలబడిపోయాడు.

"నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లిపోవే, ఈశ్వరీ."

విశాఖపట్నంలో చూపించారు. శివరాత్రి నాటికి అతనికి నిద్ర పట్టసాగింది. ఈశ్వరి చెయ్యీ లేచింది. ఆ చేత్తో ఒక్కసారి జగ్గమ్మ తట్ట దించాలనిపించింది. సిగ్గు చంపుకుని, మొగుణ్ని వెంటబెట్టుకుని, భోగాపురం దాటి సముద్రం ఒడ్డున ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది.

తట్ట చూరు కింద బోర్లించి ఉంది. జగ్గమ్మ జ్వరమొచ్చి పోయి నెల దాటిందని కోడలు చెప్పింది.

లోపల గోడకి దండ వేసిన పటం. అందులో ఉన్నది జగ్గమ్మ కాదు, ఈశ్వరి ఈడు పిల్ల.

"మా ఆడపడుచు నీలవేణి. మొగుడు మిల్లులో గార్డు. అతగాడే తుపాకీతో కాల్సేసినాడు."

అప్పలసూరి తల దించుకున్నాడు.

కోడలు పటం మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

"ఆ తుపాకీ ఇవ్వొచ్చా అని పోలీసోలు అడగడానికొస్తే, కూతురు ఒంటిమీద దెబ్బలు సూసి కూడా, ‘మా అల్లుడు బంగారంలాంటోడు బాబూ’ అని సెప్పింది మా అత్తేనమ్మా."