రెండు తాళాల మందు

శ్రీరంగప్ప పెడుతున్న కేకలకు వార్డులో ఎవరికీ కుదురు లేదు. నర్సు మహేశ్వరికి మాత్రం ఆ కేకలు చెవులకు ఇంపుగా ఉన్నాయి. ఉండవా మరి.

అదే మంచం మీద నిరుడు ఆమె నాయన పుల్లన్న దవడ క్యాన్సర్‌తో ఇలాగే అరిచి అరిచి పోయాడు. రోజూ తన చేత్తోనే నొప్పి చంపే పెథిడిన్ సూది వేసింది. ఒక్క పూటన్నా నొప్పి తగ్గలేదు.

అది అల్లాటప్పా మందు కాదు, నల్లమందులా మత్తుకు అలవాటు చేసేది. ఎంత తయారు చేయాలో, ఎవరికి అమ్మాలో దేశాలన్నీ కూర్చుని ఒప్పందం రాసుకున్న మందు. కణేకల్ దారిలోని ఈ చిన్న ఆసుపత్రిలో కూడా దానికి రెండు తాళాల బీరువా. ఖాళీ సీసా తెచ్చిస్తేనే కొత్త సీసా. తాళంచెవులు చెరొకటి ఇద్దరి దగ్గర ఉండాలి. డాక్టరుగారు తీరిక లేక తనది కూడా స్టోర్‌కీపర్ శ్రీరంగప్పకే ఇచ్చేశాడు.

వాడు అసలు మందు బళ్లారిలో అమ్ముకుని, నీళ్ల సీసాలకు పెథిడిన్ చీటీలు అంటిస్తున్నాడని మహేశ్వరి మొత్తుకుంది.

"ఖాళీ సీసాలన్నీ లెక్కకు సరిపోతాండాయి కదమ్మా. నాయన పోయిన బాధలో ఏందేందో మాట్లాడొద్దు" అన్నాడు డాక్టరు.

మహేశ్వరి కడుపుమంట చల్లారలేదు.

నిన్న శ్రీరంగప్ప మోటారుసైకిల్ మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అనంతపురంలో ఆపరేషన్ అయ్యాక, ఇంకా మత్తులోనే ఉన్నవాణ్ణి మహేశ్వరే జీపులో వెనక్కి తీసుకొచ్చింది. ఇప్పుడు మత్తు దిగింది.

డాక్టరు పక్కనుండగా ఆమె చిన్న గాజు సీసా అతడి కళ్ల ముందు పట్టింది.

"పెథిడిన్ అన్నా. చెయ్యి చాపు."

శ్రీరంగప్ప చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అది వద్దు. ఇంగోటేదన్నా వెయ్యమ్మా, సచ్చిపోతాండా."

"మా నాయనకు వేసినప్పుడు మంచిదే కదన్నా?"

"ఎందుకొద్దప్పా?" అన్నాడు డాక్టరు.

శ్రీరంగప్ప పళ్లు బిగించాడు. నొప్పి ఆగనిస్తేనా.

"అది నీళ్లు సార్. బీరువాలోవన్నీ నీళ్లే. నేనే మార్చినా. నీ కాళ్లు మొక్కుతా, యాడనుంచన్నా అసలుది తెప్పించు సార్."

డాక్టరు పోలీసులకు ఫోన్ చేయడానికి వెళ్లాడు.

"వద్దంటే వద్దులేన్నా" అని మహేశ్వరి సీసాను పక్కన పెట్టేసింది.

అది, మెలకువ రాగానే శ్రీరంగప్పకు వేయమని అనంతపురం డాక్టరు ఆమె చేతికిచ్చి పంపిన అసలు సిసలు పెథిడిన్.