నెమ్మదిగా ఎక్కాల్సిన మందు

"పిల్ల మళ్లీ వణుకుతోంది! నిన్నా ఇంతే! నీకంత తొందరైతే ఇంటికి పో, నా పిల్లమీద చూపించకు!"

తల్లి అరుపుకు నర్సు పరుగెత్తుకొచ్చింది. మంచం మీద పిల్ల పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. బ్లడ్ క్యాన్సర్ చాలదన్నట్టు ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరింది. దానికిచ్చే మందు నెమ్మదిగా ఎక్కాలి. జోరుగా ఎక్కితే చలీ, జ్వరమూ ముంచుకొస్తాయి.

సీసా గొట్టానికున్న, మందు జోరు తగ్గించే చిన్న చక్రం బార్లా తెరిచి ఉంది. నర్సు వెంటనే మందు ఆపేసింది.

"నేను సన్నగానే పెట్టి వెళ్లానక్కా. దీన్నెవరు తిప్పారు?"

"నన్నంటావా? నిన్నట్నుంచీ రెప్ప వాల్చితే ఒట్టు! ఇప్పుడే కాస్త మొహం కడుక్కొచ్చాను, అంతే."

"నేనే తిప్పాను," అంది పిల్ల దుప్పట్లోంచి. "సీసా అయ్యేదాకా నువ్వు పడుకోవుగా అమ్మా. తొందరగా అయిపోతే పడుకుంటావని."

తల్లికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

నర్సు వణుకు తగ్గే సూది వేసింది. పిల్ల కుదుటపడ్డాక, డాక్టరు సరేనన్నాక, మందు మళ్లీ సన్నగా మొదలుపెట్టింది.

"ఏమనుకోకు చెల్లీ. కాస్త చూస్తుంటావా?" అని తల్లి మంచం అంచున ఒరిగింది. "ఇదిగో, పడుకున్నానే. ఇంక దాని జోలికి పోకు."

"దొంగనిద్ర కాదుగా?"

జవాబుగా గురక వినిపించింది.

పిల్ల కాసేపు అమ్మనే చూసింది. తర్వాత నర్సు కొంగు పట్టుకుని గుసగుసగా అంది.

"ఆంటీ, ఇంకా నెమ్మదిగా పెట్టవా?"