తలుపులు మూసే పట్టీ

"రమామణిగారి క్లోమంలో గడ్డకు ఆకలేస్తోంది, పట్టీ వేయండి" అంది వంటగది గోడ, పాలు పొంగుతున్నాయని చెప్పినంత మామూలుగా. ఇప్పుడు అందరిళ్ళలోనూ గోడలే ఒంటి సంగతులు చెబుతాయి.

రమామణి మా మేనత్త. గడ్డను పెంచే రసాయనాలు వచ్చి దాని కణాల తలుపులు తట్టినప్పుడల్లా ఆ గడ్డ ఎదుగుతుంది, ఇన్సులిన్ కుమ్మరిస్తుంది, ఒంట్లో చక్కెర పడిపోతుంది. రోజూ పొద్దున్నే చేతికి పట్టీ అంటిస్తే ఆ తలుపులన్నీ మూసుకుంటాయి.

మా అమ్మకూ ఇదే గడ్డ. అప్పట్లో పట్టీలు లేవు. అమ్మ వణుకుతూ బెల్లం కోసం వెతుక్కుంటుంటే, తిండి యావ అని తిట్టి అత్త సామాన్ల గదికి తాళం వేసింది. అమ్మ ఆ తలుపు ముందే పడిపోయింది. మళ్ళీ లేవలేదు.

"కళ్ళు తిరుగుతున్నాయే, పట్టీ వెయ్యి" అంది అత్త, చెమటలు కక్కుతూ.

"మా అమ్మని ఏమనేదానివి అత్తా?"

"తిండిపోతని."

"మరి నువ్వు?"

"నేనూ తిండిపోతునే తల్లీ."

బెల్లం ముక్క నోట్లో పెట్టాను. అంత తేలిగ్గా చావనిస్తానా? పట్టీలు మాత్రం ఆ గదిలోనే పెట్టి, ఆ తాళమే వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాను. రేపు పొద్దున ఆ మాట మళ్ళీ అనిపించాలిగా.