పాత పాస్టరుగారి భార్య

"కొత్త పాస్టరుగారిని పిలవడం ఇష్టమైనవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు సంఘపెద్ద.

ముందు వరుసలో పెద్దాయన అందరికంటే ముందే చెయ్యెత్తాడు. ముప్పయ్యేళ్ళు ఈ సంఘానికి ఆయనే పాస్టరు. మతిమరుపు వచ్చి రెండేళ్ళయింది. పక్కనున్న భార్యకు మాత్రం చెయ్యి లేవలేదు.

ఆయన ఆమెవైపు వంగి, పరాయామెను అడిగినట్టు అడిగాడు. "పాత పాస్టరుగారికి ఏమైందండీ?"

"ఒంట్లో బాగోలేదు. మానేశారు."

"అయ్యో! మంచాయనేనా?"

"బంగారంలాంటి మనిషి."

"మరి ఆయన భార్య? అందరూ కొత్తాయన హడావిడిలో పడ్డారు. పాపం, ఆవిడెలా ఉందో ఎవరైనా అడిగారా?"

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అడిగారండీ, ఇప్పుడే," అంటూ చెయ్యెత్తింది.