రెండు సీట్ల బండి

ఎటు తిప్పాను?

ఈ సందేహం కోదండరామిని ఏళ్ల తరబడి వదల్లేదు. స్నానం చేసి తులసికోట చుట్టూ తిరిగేటప్పుడు కూడా, నట్టు బిగిస్తున్నట్టు అతని వేళ్లు వాటంతట అవే కదిలేవి.

ఇప్పుడు ఆ నట్టు చేతిలోనే ఉంది. రెండు చెవులున్న పెద్ద నట్టు. ఎదురుగా, రాళ్ల మీద ఎత్తిపెట్టిన చిన్న కారు. మూడు చక్రాలు ఎక్కాయి. కుడివైపు ముందు చక్రం ఒక్కటే మిగిలింది.

“ఏమప్పా కోదండా, నట్టుకు నామం పెడతాండావా? బిగించు. ఆయుధపూజ పొద్దు, మంచి గడియ దాటిపోతాది,” అన్నాడు పంపన్న. చేతికర్ర పక్కన పెట్టుకుని, కుడికాలు చాచి పెట్టె మీద కూర్చున్నాడు. ఆ కాలు మడత పడదు.

కురుగోడులో పంపన్న ఇంటి వెనక కొట్టం అది. బళ్లారి ఇంకా మద్రాసు కింద ఉన్న రోజుల్లో, ఇంగ్లీషు సీమకు వెళ్లిపోయిన ఒక దొర పందెం కారును స్నేహితులిద్దరూ విప్పిన ముక్కలుగా ఎద్దుల బండిలో తెచ్చుకున్నారు. పంపన్న ఇంజను పట్టుకుంటే, కోదండరామి చక్రాల ఊచలు ఒక్కొక్కటే తోమాడు. “ఇది కారేందిరా, కోళ్ల గంప మాదిరి ఉండాది,” అని పక్కింటి దురుగమ్మ నవ్వేది. రెండేళ్లకు ఆ గంప బుర్రుమంది. ఆంజనేయస్వామి గుడి ముందు పూజ చేయించి, అక్కణ్నుంచి కదిలిన కాసేపటికే ఈ చక్రం ఊడింది. బండి గట్టు కిందికి దొర్లింది. పంపన్న కాలు నుజ్జయింది.

ఆ తరువాత కోదండరామి బళ్లారిలో సత్యనారాయణపేటకు మారాడు. పెళ్లిళ్లకు తప్ప కురుగోడు రాలేదు. మొన్న పంపన్న కబురు పంపాడు: బండి మళ్లీ కట్టినాను, ఆఖరి చక్రం నీ చేత్తోనే ఎక్కాల అని.

“పంపన్నా, ఈ నట్టు ఎటు తిప్పాల?”

“అదేం మాటప్పా?”

“దేన్నయినా ప్రదక్షిణంగా తిప్పేది నాకు అలవాటు. అప్రదక్షిణంగా తిప్పాలంటే నాకు చెయ్యి రాదు. నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒక మెకానిక్కు చెప్పినాడు, ఈ సీమ బండ్లకు కుడిపక్క మర ఎదురుగా ఉంటాదంట. ప్రదక్షిణంగా తిప్పితే వదులైపోతాదంట.” కోదండరామి పంపన్న కాలి వైపు చూశాడు. “ఆ పొద్దు చక్రాలు బిగించింది నేను. నీ కాలు…”

పంపన్న తేరిపార చూశాడు. తరువాత దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

“దీనికేనా ఇన్నేండ్లు మొకం చాటేసింది? కుడిపక్క నువ్వు యాడ బిగించినావు? ఎడమపక్కవి బిగించి, నిమ్మకాయలు తెస్తానని పోతివి. కుడిపక్కవి నేనే బిగించినా. ఎదురు తిప్పల్లని దొర డ్రైవరు నాకు ముందే చెప్పిండె. కొయ్యసుత్తితో కొట్టి కొట్టి బిగించినా. అది ఊడే నట్టు కాదప్పా.”

“మరి ఎట్ల ఊడింది?”

“నాకేం తెలుసు? ఆ స్వామికే తెలియాల.”

కోదండరామి ముఖం తేలికపడలేదు. పాలిపోయింది. చక్రాన్ని పట్టుకుని అలాగే కింద కూర్చున్నాడు.

“సుమ్మనిరప్పా, ఊరుకో, ఏడుస్తాండావా? తప్పు నాదే. ఇద్దరం కట్టిన బండి. ఉండేది రెండే సీట్లు. నిన్ను వదిలేసి, మద్రాసు నుంచి వచ్చిండే మా బామ్మర్దిని ఎక్కించుకుంటి. బండి కదిలినాక తిరిగి చూస్తే, నువ్వు గుడి ముందర కండ్లు మూసుకోని మొక్కుతాంటివి. అంత జరిగినా వానికి గీత పడలేదు, నా పాణం పోలేదు. అది నీ మొక్కు బలమేనని మా ఇంట్లో ఇప్పుడూ అంటాంటారు.”

“మనం అడిగేవన్నీ స్వామి వింటాడంటావా, పంపన్నా?”

“వినకుంటే నేనీడ ఉంటానా?”

కోదండరామి నట్టుకు అంటిన మట్టి తుడిచాడు.

“ఆ మొక్కు ఇంకా తీర్చలేదు,” అన్నాడు మెల్లగా.

“ఇన్నేండ్లా! దేవుని బాకీ ఎవరన్నా పెట్టుకుంటారా? ఏం మొక్కినావు?”

“ఒక టెంకాయ.”

“ఒక్కటేనా? నా పాణం అంత అగ్గవా!”

కోదండరామి లేచి చక్రం ఎక్కించి, నట్టును అప్రదక్షిణంగా తిప్పాడు. పంపన్న కూర్చున్నచోటి నుంచే కొయ్యసుత్తితో గట్టిగా కొట్టాడు. బండిని రాళ్ల మీంచి దించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఇంజను రెండుసార్లు దగ్గి పలికింది.

“ఈసారి పక్క సీటు నీదే, ఎక్కు. చూడు, ఈ బండిలో కాళ్లు చాపుకోనే కూచోవాల. నాకోసమే చేసినట్టుండాది.”

గుడి దాకా బండి ఎద్దుల నడకన పోయింది. దారి పొడుగునా కోదండరామి ఆ చక్రం వైపే చూస్తూ కూర్చున్నాడు. గుడి ముందర దిగి, అంగడిలో టెంకాయ కొని, రాతి మీద కొట్టాడు. నీళ్లు చింది ముఖాన పడ్డాయి. తుడుచుకోలేదు.

“నా పాణం కోసరం మొక్కిన టెంకాయ, ఎంత బాగా పగిలిందో చూడు!” బండిలోంచే చేతులు జోడించాడు పంపన్న.

కోదండరామి ఒక చిప్ప తెచ్చి, తల ఎత్తకుండా అతని చేతిలో పెట్టాడు.

ఆ రోజు అతను మొక్కుకున్నది, చక్రం ఊడిపోవాలని.